పదుగురి యిల్లు: ఐర్లండు పబ్బులలోని పాటకూటములు

ఈ మాసమున మేమెత్తికొన్న విషయమును జూచి మీలో కొందఱు బొమలు ముడుచుట నిశ్చయము. పబ్బను మాట వినబడగానే, నేటి మన నగరములలో చెవులు గింగురుమను వాద్యములతోను, కన్నులు చెదరు దీపములతోను నర్ధరాత్రముదాక సాగు విలాసస్థలము మనసునకు దోచును. అది కాదన్నచో ఊరిచివఱ సారా దుకాణమును, అందుండి తూలుచు నింటికి వచ్చు యజమానుడును, పొయ్యిలో పిల్లి లేవని వంటయిల్లును దోచును. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమయూరి సారా దుకాణమును మూయించి, రాష్ట్రమంతటను ఉద్యమమును రగుల్కొల్పిన సంగతి మనమెవ్వరమును మఱచువారము కాము. అట్టి మనము పానశాలను గూర్చి యాదరముతో ముచ్చటించుకొనవచ్చునా? వచ్చుననియే మా యభిప్రాయము. కాని కన్నులు తెఱచి ముచ్చటించుకొనవలెను.

పబ్బనునది 'పబ్లిక్ హౌస్' అను ఇంగ్లీషు మాటకు కుఱుచ రూపము. తెలుగున జెప్పవలెనన్న, పదుగురి యిల్లు. ఐర్లండు దేశమున నీ పేరు చాలవఱకు సార్థకము. పల్లెలయందును, పట్టణపు పేటలయందును గల పాత పబ్బులు చూపునకు నిండ్లవలెనే యుండును. వాకిటిపై యజమాని యింటిపేరు రంగులతో వ్రాయబడి యుండును. ఫలానావారింటికి పోయివత్తుమన్నట్లుగనే జనులు వాడుకచేయుదురు. లోపల తక్కువ యెత్తు కప్పు, కఱ్ఱ బల్లలు, ఒక మూల మంటగూడు. పూర్వము పెక్కు పబ్బులలో ముందువైపున చక్కెర, తేయాకు, మేకులు, తాళ్లు అమ్మెడివారు. వెనుకవైపున పానీయము పోసెడివారు. కొన్నియూళ్లలో నా యింటివారే శవసంస్కారపు టేర్పాటులు సయితము చూచెడివారు. పుట్టుక మొదలు చావువఱకు ఊరికి గావలసిన పనులన్నియు నొకే గుమ్మమున జరిగెడివన్నమాట. అత్లోన్ పట్టణమున 'షాన్స్ బార్' అను పబ్బు తాను వేయి యేండ్లకు పైబడినదాననని చెప్పుకొనును. డబ్లినులోని 'బ్రేజన్ హెడ్' తన పుట్టుక 1198వ సంవత్సరమని గోడమీద వ్రాసికొన్నది. ఈ వయస్సుల మాట చరిత్రకారులు తేల్చుకొందురుగాక. పాతదనమును గౌరవముగా నెంచుట మాత్రము వారి కలవాటు.

ఇట్టి యిండ్లలో వారమున కొకటి రెండు రాత్రులు, కొన్నిట ప్రతిరాత్రియు, జరుగు పాటకూటమే నేటి మా ప్రస్తావము. దానిని వారు సెషన్ అందురు. ఇది కచ్చేరి కాదు. వేదిక లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు. ఒక మూలబల్ల చుట్టును వాద్యకారులు ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు కూర్చుందురు. వినువారికి వారి వీపులు కనబడుటయు గలదు. మన యూళ్ల భజనగోష్ఠి యెట్టిదో యిదియు నట్టిదే. పాడువారు తమకొఱకును తమ కూటమికొఱకును పాడుదురు. వచ్చినవారు విని యానందింతురు. చాలచోట్ల నిద్దఱు ముగ్గురు వాద్యకారులకు పబ్బు యజమాని కొంత సొమ్మిచ్చును. తక్కినవారు తమ వాద్యమును సంచిలో బెట్టుకొని తమంతట వచ్చి చేరుదురు. బడిపంతులు, వడ్రంగి, దాది, కళాశాలకు బోవు పిల్ల, డెబ్బదియేండ్ల రైతు, అందఱు నొకే బల్ల చుట్టును కూర్చుండుట యరుదు కాదు.

వారి వాద్యములలో ఫిడేలు మనకును తెలిసినదే. కఱ్ఱతో జేసిన పిల్లనగ్రోవియు, తగరపు రేకుతో జేసిన చిన్న యీలగొట్టమును గలవు. మేకతోలు బిగించిన 'బౌరాన్' అను వాద్యము మన కంజిరకు పెద్దక్కవలె నుండును. దానిని చిన్న కఱ్ఱతో వాయింతురు. మన వీథిభాగవతములలో శ్రుతికై యూదు తిత్తి నెఱిగినవారికి వారి 'ఇల్లన్ పైపులు' వింతగా దోపవు. ఐరిషు భాషలో ఇల్లన్ అనగా మోచేయి. నోటితో నూదక, మోచేతిక్రింద నొక తిత్తిని కదల్చి గాలిని నింపుదురు గనుక దాని కా పేరు. ఈ వాద్యవిద్యను 2017వ సంవత్సరమున యునెస్కోవారు మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో జేర్చిరి. రెండు చేతులనడుమ నొత్తుచు సాచుచు వాయించు, హార్మనీ పెట్టెకు బుల్లి చెల్లెలివంటి కాన్సర్టీనాయు గలదు. దీని ముచ్చట మరల వచ్చును.

వారు వాయించు వరుసలు ముఖ్యముగా నాట్యమునకు బుట్టినవి. 'రీల్' అనునది మన చతురశ్రగతికి దగ్గఱ. 'జిగ్' అనునది తిశ్రగతి నడకగలది. ఒక్కొక్క వరుసకు సాధారణముగా రెండు భాగములుండును. ఒక్కొక్క భాగమును రెండేసి మార్లు వాయించి, మరల మొదటికి వత్తురు. ఇట్లు రెండు మూడావృత్తములైన పిమ్మట, ఎవరో కనుసన్న చేయగానే విరామము లేకయే మఱియొక వరుసలోనికి దుముకుదురు. కాగితము ముందుంచుకొనువారు లేరు. వందలకొలది వరుసలు నోటికి, కాదు, వ్రేళ్లకు వచ్చి యుండును. తెలియని వరుస వచ్చినపుడు ఎంతటి విద్వాంసుడైనను వాద్యమును తొడమీద నుంచుకొని వినును. ఆ వినయము వారి మర్యాదలలో మొదటిది.

నడుమ నడుమ నెవరేని పాట నెత్తుకొందురు. అప్పుడు సందడి యంతయు నడగును. 'షాన్ నోస్', అనగా పాతపద్ధతి, అను గానమునకు పక్కవాద్యము లేదు. పాడువారు కన్నులు మూసికొని, ఒక కంఠముతోనే, గమకములతో నెమ్మదిగా పాడుదురు. పాట విషయ మొక్కొకప్పుడు కఱవు, వలస, సముద్రమున మునిగిన పడవ. 1845 మొదలు 1852 వఱకు నడచిన బంగాళదుంపల కఱవున నా దేశమున రమారమి పదిలక్షలమంది మరణించిరి. అంతకు దక్కువగానివారు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. ఆ దుఃఖము పాటలలో నేటికిని నిలిచియున్నది. పాడువారి కంఠము గద్గదమైనపుడు ప్రక్కనున్నవారు వారి చేయి పట్టుకొని మెల్లగా నూపుట యొక సంప్రదాయము. పరాయివారి చేయి పట్టి దుఃఖమును పంచుకొను నా యలవాటు మమ్మెంతయు నాకర్షించినది.

ఇట్టి కూటమి మద్యమువలన బుట్టినదని తలంతుమేని మనము పొరపడినవారమగుదుము. ఇది పుట్టినది వంటయింట. ఐర్లండు పల్లెలలో నెనుబది తొంబదియేండ్ల క్రిందటివఱకు, చలికాలపు రాత్రులందు ఇరుగుపొరుగువా రొక యింటి పొయ్యికడ జేరెడివారు. కథలు చెప్పువారు చెప్పుచు, ఫిడేలు వాయించువారు వాయించుచు, బల్లలు గోడకు జరిపి రాతినేలపై నాట్యమాడెడివారు. నేడు నాట్యసభకు పేరైన 'కేలీ' అను ఐరిషు మాటకు మొదట నర్థము ఇరుగింటికి బోయి మాటలాడి వచ్చుటయే. ఆ కూటమికి పెద్ద గృహిణి. 'బ్యాన్ అన్ టీ', అనగా ఇంటి యాడది, పొయ్యి నెగద్రోసి, తేనీరు కాచి, రొట్టె కోసిపెట్టి, ఎవరు ముందు పాడవలెనో ఎవరిని బుజ్జగింపవలెనో చూచుకొనెడిది. ఆమె వాకిలి తెఱచినచో కూటమి, మూసినచో లేదు.

ఆ వాకిళ్లు మూతపడుటకు కారణములు రెండు. మొదటిది 1935వ సంవత్సరపు నాట్యశాలల చట్టము. బహిరంగ నాట్యమునకు న్యాయస్థానపు అనుమతిపత్రము కావలెనని యా చట్టము శాసించెను. చట్టమున నిండ్లలోని నాట్యము ప్రత్యేకముగా నిషేధింపబడకున్నను, కొన్నిచోట్ల మతగురువులును రక్షకభటులును దానిని వంటయిండ్లకును వర్తింపజేసిరి. పూజారి గద్దింపునకును జరిమానాకును వెఱచి చాలమంది గృహిణులు తలుపులు గడియ వేసికొనిరి. రెండవ కారణము వలస. రెండవ ప్రపంచయుద్ధానంతరము వేలకొలది యువకులు, యువతులు లండనునకు పనికై పోయిరి. అచట వారికి దొఱకినది అద్దె గది. అందు వంటయిల్లు లేదు, పొయ్యి లేదు, పదిమందిని పిలుచుటకు తావు లేదు. కావున కామ్డెన్ టౌన్ మున్నగు పేటలలోని పబ్బులయందు జేరి వాయింపసాగిరి. నేడు మనము చూచు సెషన్ రూపమున కీ పరదేశపు పబ్బులే ముఖ్యమైన పుట్టిళ్లని సంగీతచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఇల్లు లేనివారు ఇంటిని వెదకికొనిన విధమిది.

స్వదేశమునను గాలి మాఱెను. 1951వ సంవత్సరమున మల్లింగార్ పట్టణమున 'కోల్తస్ క్యోల్తోరీ ఏరన్' అను సంగీతజ్ఞుల సంఘ మేర్పడి, ఏటేట పెద్ద సంగీతోత్సవమును నడుపనారంభించెను. ఉత్సవము నాడు వీథులు చాలక జనులు పబ్బులలో జొచ్చిరి. వాద్యములును వారితో జొచ్చెను. 1962వ సంవత్సరమున డబ్లినులోని 'ఓడొనహ్యూస్' అను పబ్బులో గూడి పాడు మిత్రులు 'డబ్లినర్స్' అను పేర లోకప్రసిద్ధులైరి. క్లేర్ జిల్లాయందలి డూలిన్ అను సముద్రతీరపు పల్లె, రైతైన మికో రస్సెల్ యొక్క తగరపు టీలవలన దూరదేశములవారికి యాత్రాస్థలమయ్యెను. అదే జిల్లాలోని మిల్టౌన్ మాల్బే యను చిన్నయూర, పైపుల వాద్యమున బ్రసిద్ధుడైన విల్లీ క్లాన్సీ 1973లో మరణింపగా, ఆ యేటినుండియే యాతని పేర వేసవి పాఠశాల యేర్పడినది. ప్రతి జూలైమాసమున పగలు పిల్లలకు పాఠములు, రాత్రి పబ్బులలో పాటకూటములు. పగటి శిష్యుడు రాత్రి గురువు ప్రక్కనే కూర్చుండి వాయించును.

ఇంతవఱకు విని మీరొక ప్రశ్న నడుగుదురని మేమెఱుగుదుము. వంటయింటి కూటమికి పెద్దయైన గృహిణి యేమయ్యెను? పాట వంటయిల్లు విడిచి పబ్బునకు బోయినపుడు ఆమెయు వెంట బోయెనా? పోలేదు, పోనీయలేదు. ఈ కథలో మనకు ముఖ్యమైన ఘట్ట మిదియే.

పాత పబ్బులలో 'స్నగ్' అను చిన్న యఱ యుండును. నలువైపుల కఱ్ఱ తడికలు, లోపలినుండి గడియ, పానీయము నందిచ్చుటకు చిన్న కిటికీ. స్త్రీలు ప్రవేశించినచో ఆ యఱలో నెవరి కంటను బడక కూర్చుండవలసినదే. నేడు యాత్రికులు దానిని ముచ్చటగా జూచి ఛాయాపటములు తీసికొందురు. కాని దాని పుట్టుక కొంత స్త్రీని దాచుటకే యని మఱువరాదు. పెక్కు పబ్బులు మగతోడు లేని స్త్రీని లోనికి రానిచ్చెడివి కావు. రానిచ్చిన వానిలో గొన్ని, పురుషునకు పెద్దగ్లాసు పోసి స్త్రీకి సగపుగ్లాసే పోసెడివి. 1970వ దశకపు తొలినాళ్లలో నెల్ మెకాఫర్టీ యను పత్రికారచయిత్రి ముప్పదిమంది స్త్రీలతో డబ్లిను పబ్బొకదానికి బోయి, ముప్పది గ్లాసుల బ్రాందిని దెప్పించి, పిమ్మట నొక్క పెద్దగ్లాసు బీరు నడిగెను. స్త్రీలకు పెద్దగ్లాసు పోయమని చెప్పగా, అడిగినది పూర్తిగా నీయలేదు గనుక సొమ్ము చెల్లింపమని యందఱును లేచిపోయిరి. వారి పోరాటము గ్లాసుకొఱకు కాదు. నలుగురు కూర్చుండు తావున కూర్చుండు హక్కుకొఱకు. 2000వ సంవత్సరపు సమానస్థాన చట్టము వచ్చుదాక ఐర్లండున పబ్బు యజమాని స్త్రీ యని సేవ నిరాకరించుటకు చట్టమున స్పష్టమైన యడ్డు లేదు. అది యెన్నడో జరిగిన కథ కాదు. మనలో చాలమంది జీవితకాలములోనిది.

ఐనను వాకిలి తోసికొని లోన గూర్చున్న స్త్రీలు పూర్వమును లేకపోలేదు. క్లేర్ జిల్లా కిల్‌రష్ పట్టణమున ఎలిజబెత్ క్రాటీ యను గృహిణి భర్తతో గూడ పబ్బు నడపెడిది. 1885లో బుట్టి 1960లో గతించిన యీమెను లోకులు 'మిస్సెస్ క్రాటీ' యనియే యెఱుగుదురు. మేము పైన బేర్కొన్న కాన్సర్టీనా యామె వాద్యము. ఆ జిల్లాలో దానిని ఎక్కువగా స్త్రీలే వాయించుచుండుటచే 'ఆడవారి అకార్డియన్' అని ఐరిషున నొక మాటయే పుట్టినది. వచ్చినవారికి పానీయము పోయుచు, తీరినపుడు పెట్టె చేతబట్టి వాయించుచు, ఆమె తన పబ్బును పాత వంటయింటివలెనే నడపినది. 1950వ దశకమున ఐర్లండు రేడియోవారు పల్లెపల్లెకు బోయి సంగీతమును ముద్రించినపుడు ఆమె వాద్యమును దేశమంతయు వినెను. సంగీతజ్ఞుల సంఘమునకు జిల్లాలో నామెయే యధ్యక్షురాలైనది. ఇల్లాలి పెత్తన మున్నచోట పదుగురి యిల్లు నిజముగా నిల్లగునని యీమె జీవితము మాకు దోపజేసినది.

ఇక మద్యపు మాట. దానిని మేము దాటవేయము. ఐర్లండు గృహిణులును మనవలెనే యేడ్చినవారు. అచ్చట 'రౌండు' అను నాచారము కలదు: బల్లచుట్టు నున్నవారిలో నొక్కొక్కరు వంతున నందఱికిని తెప్పింపవలెను. చూచుటకు నుదారగుణమే, కాని యైదుగురు కూర్చున్నచోట నొక్కగ్లాసుతో లేవదలచినవాడు లేవలేడు. తన వంతు తీరనిదే పోయెనా, పిసినారి యనిపించుకొనును. వారపు కూలి యంతయు నిట్లు కరగిపోయిన యిండ్లు లెక్కకు మిక్కిలి. పడ్రిగ్ ఓకీఫ్ అను నొక పంతులుండెడివాడు. ఉపాధ్యాయుని యింట మసలువారము గనుక ఆతని కథ మా మనసున నాటినది. కెర్రీ జిల్లాలో బడి చెప్పుకొను నాతడు 1920 ప్రాంతమున నుద్యోగము పోగొట్టుకొని, మిగిలిన జీవితమంతయు నింటింటికి నడచి ఫిడేలు నేర్పెను. చిన్నపిల్లలకు దెలియునట్లు వ్రేళ్ల గుఱుతులతో స్వరములు వ్రాయు పద్ధతిని కల్పించెను. ఆతని శిష్యురాలైన జూలియా క్లిఫర్డ్ లండను పబ్బులలో నా వరుసలను నిలిపెను. ఇట్టి గురువునకు పానాసక్తియు మెండు. సంగీతము గొప్పదనుటచే సీసా గొప్పది కాజాలదు.

ఈ భేదమును ముందే గుర్తించినవారొకరుండిరి. కార్క్ నగరపు ఫాదర్ మాథ్యూ 1838లో మద్యపానవర్జన ప్రతిజ్ఞను జేయించుట కారంభింపగా, కొలదియేండ్లలో లక్షలకొలది జనులు మ్రొక్కుపట్టిరి. ఆ సంఘములవారు మానుడని చెప్పి యూరకుండలేదు. చదువుకొను గదులను, వాద్యబృందములను నేర్పఱచిరి. పానశాల నుండి మనుష్యుని మఱలింపవలెనన్న, సాయంకాల మాతడు పోయి కూర్చుండుటకు మఱియొక యిల్లు చూపవలెనని వారు గ్రహించిరి. 1898లో డబ్లినున నారంభమైన 'పయొనీర్' సంఘమువారు నేటికిని మద్యము ముట్టమని గుఱుతుబిళ్లను గుండెపై ధరింతురు. లోకమంతయు పబ్బులలో గోలగా జరుపుకొను సెంట్ పాట్రిక్ పండుగనాడు, అనగా మార్చి 17న, ఐర్లండులోనే 1927వ సంవత్సరపు చట్టముచే కొన్ని దశాబ్దములు పబ్బులు మూసియుండెడివని చెప్పిన మీరు నమ్ముదురా? గుడ్ ఫ్రైడే నాటి మూత 2018 వఱకు సాగెను. 2004 మార్చి 29 నుండి పబ్బులలో పొగత్రాగుటయు నిషిద్ధము. దేశమంతటను, పనిచేయు స్థలము లన్నిటను ఇట్లు నిషేధించుట లోకమున నదియే మొదలు. పొగ పోయినను పాట పోలేదు.

నేడు పాటకు వచ్చిన యాపద వేఱు. అది అద్దె, నేల ధర. 2005 తరువాత ఐర్లండున రమారమి 2,000 పబ్బులు మూతపడినవి. త్రాగుడు తగ్గుట మేలే. కాని మఱియొక కూటస్థల మేర్పడకయే తలుపు మూసినచో, ముసలిరైతు రాత్రి యెచ్చట గూర్చుండును? డబ్లిను స్మిత్‌ఫీల్డ్ పేటలో 'కాబుల్‌స్టోన్' అను పబ్బు కలదు. ముందుగదిలో నిత్యము పాటకూటమి. వెనుకగదిలో ఐరిషు భాషాపాఠములు, నాట్యము, చిన్న సభలు. 2021లో ఆ వెనుకగదిని తొలగించి పైన పెద్ద హోటలు కట్టుటకు దరఖాస్తు పడెను. అక్టోబరు మాసమున వాద్యకారులును పేటవాసులును వాయించుకొనుచు, సంస్కృతికి చావు వచ్చినదనుటకు గుఱుతుగా శవపేటికను మోసికొని నగరపు వీథులలో నడచిరి. వేలకొలది జనులు విన్నపముపై సంతకములు చేసిరి. ఆ నవంబరులోనే నగరసభవారు దరఖాస్తును నిరాకరించిరి. వారు కాపాడుకొన్నది బీరు పీపాను కాదని మేము వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఐరిషువారి యీ సంగీతాభిరుచికి మన గడ్డతో నొక బంధుత్వము కలదు. 1878లో రాస్‌కామన్ జిల్లా బాయిల్ పట్టణమున బుట్టి, సంగీతమున పట్టభద్రురాలై, స్త్రీల యోటుహక్కునకై డబ్లినున 1908లో సంఘము స్థాపించినవారిలో నొకతెయై, చెఱసాలయు జూచిన మార్గరెట్ కజిన్స్ 1915లో భర్తతో గూడ మనదేశమునకు వచ్చినది. ఆ దంపతులు మదనపల్లె కళాశాలలో నుండగా, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగా రచ్చటికి విచ్చేసి 'జనగణమన' పాడి వినిపింపగా, ఆ వరుసకు స్వరలిపి కూర్చిన యామె యీమెయే. 1917లో భారతస్త్రీసంఘమును, 1927లో అఖిలభారత మహిళాసభను నెలకొల్పుటలో నామె చేయి పెద్దది. స్త్రీ పదుగురిలో గూర్చుండు హక్కును, పదుగురు కూడి పాడు పాటను ఆమె వేఱు వేఱుగ జూడలేదు. ఐర్లండు పబ్బు కథలోను ఈ రెండును ముడివడియే యున్నవి.

నేడు డబ్లినున మన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. కొడుకునో కూతునో చూడబోవు తల్లులు మీలోను గొందఱుందురు. పిల్లలు "అమ్మా, పాట విని వత్తము" అన్నచో పబ్బనుమాటకు వెఱవకుడు. పేటలో ముసలివారును, ఆడువారును కూర్చుండు పాత పబ్బునే యెన్నుకొనుడు. తేనీరో, పండ్లరసమో తెప్పించుకొనుట యచట తప్పు కాదు. ఎవరును వింతగా జూడరు. పదునైదేండ్లలోపు పిల్లలు పెద్దలతో రాత్రి తొమ్మిదివఱకు నుండవచ్చును. మే మొదలు సెప్టెంబరు వఱకు పదివఱకు. మూలబల్లకడ ఖాళీ కుర్చీ యున్నను దానిలో గూర్చుండకుడు. అది రాబోవు వాద్యకారునిది. వరుస నడచునపుడు బిగ్గరగా మాటలాడరాదు. పాట నెత్తుకొన్నపుడు గ్లాసు సయితము చప్పుడు కారాదు. మీకు పాడుట వచ్చునని వారికి దెలిసి "ఒక పాట పాడుడు" అని కోరుదురేని, బెట్టు చేయక పాడుడు. మన పాటకు పక్కవాద్యము లేకపోయిననేమి? వారి పాతపద్ధతికిని లేదు గదా! మీ భాష వారికి దెలియదు. అయినను చేయి పట్టుకొనువా రొకరు ప్రక్కనే యుందురు.